పదహారో వంతు

మా ఊళ్ళో పురుగులను చంపే విషాన్ని మందు అంటారు. జ్వరానికి మింగేదీ మందే, పొద్దుగూకినాక తాగేదీ మందే, పత్తి చేనుకు కొట్టేదీ మందే. పురుగుల మందు అని పూర్తిగా పలికే ఓపిక కూడా ఎవరికీ ఉండదు. "మందు కొట్టిండ్రా?" అంటే చాలు, ఎదుటివాడికి ఏ మందో అర్థమైపోతుంది. ఈ మాట గురించి భాషాశాస్త్రం తెలిసినవారు ఏమంటారో గాని, నాకు మటుకు దానితో వేరే లావాదేవీ ఉంది. కొన్నాళ్ళపాటు నేను ఆ మందు డబ్బాల మీది అచ్చుపని చూసి జీతం తీసుకున్నాను. పని బాగా చేశానని అప్పట్లో అందరూ మెచ్చుకున్నారు కూడా. ఆ సంగతే ఈవేళ చెప్పాలనిపించింది.

మాది పరకాల. వరంగల్ నుంచి భూపాలపల్లి వైపు వెళ్ళే బస్సెక్కితే దారిలో వస్తుంది. 1947 సెప్టెంబరు 2న జాతీయ జెండా ఎగరవేయడానికి గుమిగూడిన జనం మీద నిజాం బలగాలు కాల్పులు జరిపిన ఊరుగా చరిత్ర పుస్తకాలలో కనబడుతుంది. వారి జ్ఞాపకార్థం 2003లో కట్టిన అమరధామాన్ని చూడటానికి ఇప్పటికీ బయటివాళ్ళు వస్తుంటారు. మా ఊరి చిరునామాలో జిల్లా పేరు మాత్రం నిలకడగా ఉండదు. నా చిన్నతనంలో వరంగల్, 2016లో వరంగల్ రూరల్, 2021 నుంచి హనుమకొండ. లెటర్‌హెడ్లూ బిల్లు పుస్తకాలూ అచ్చువేసేవాళ్ళకు ఇది మంచి గిరాకీయే అని మా మేనమామ నవ్వేవాడు. జిల్లా ఏదైనా పొలాల్లో మాత్రం పత్తే.

మామకు బస్టాండు దగ్గర ఒక చిన్న ప్రెస్సు ఉండేది. ఇంటరు తప్పి, ఇంట్లో మొహం చూపించలేక, 1992లో అందులో చేరాను. కాలితో తొక్కే ట్రెడిల్ మిషను, గోడ పొడుగునా సీసపు అక్షరాల గళ్ళు, ఎప్పుడూ ఆరని ఇంకు వాసన. పెళ్ళి పత్రికలు, దశదిన కర్మ కార్డులు, ఎన్నికలప్పుడు కరపత్రాలు. ఇవన్నీ ఒక ఎత్తు, ఎరువులూ పురుగుమందుల దుకాణాల పని ఒక్కటీ ఒక ఎత్తు. బిల్లు పుస్తకాలు, ఉద్దెర చిట్టీలు, సంచుల మీద వేసే ముద్రలు, ఏడాది చివర క్యాలెండర్లు.

క్యాలెండర్ల ముచ్చట కాస్త చెప్పాలి. లక్ష్మీదేవి, వెంకటేశ్వరస్వామి, శివపార్వతులు, వీళ్ళందరూ శివకాశిలో రంగుల్లో అచ్చయి, కట్టలు కట్టలుగా వచ్చేవారు. దేవుడి పాదాల కింద నాలుగంగుళాల ఖాళీ ఉండేది. ఆ ఖాళీలో దుకాణం పేరూ ప్రోప్రయిటరు పేరూ మేము ట్రెడిల్ మీద నల్ల ఇంకుతో వేసేవాళ్ళం. ఆ కిందనే పన్నెండు నెలల చిన్న పుస్తకం పిన్నులు కొట్టి అతికించేవాళ్ళం. ఏడాది గడిచాక నెలల కాగితాలన్నీ చిరిగిపోయినా దేవుడి బొమ్మను ఎవరూ పారెయ్యరు. పాత క్యాలెండరు మీద కొత్త క్యాలెండరు తగిలించరు కూడా. పక్కన ఇంకో మేకు కొడతారు. అలా ఒక్కో ఇంట్లో పదేళ్ళ దుకాణాల పేర్లు గోడమీద వరుసగా కనబడేవి. మీరెప్పుడైనా గమనించారో లేదో, ఎండ తగిలే గోడమీది దేవుళ్ళు కొన్నేళ్ళకు నీలంగా మారిపోతారు. రంగుల అచ్చులో ఎండకు ముందుగా వెలిసిపోయేవి పసుపు, గులాబి ఇంకులు. నీలం మొండిది, నలుపు ఇంకా మొండిది. దీన్ని నేను ఏ బడిలోనూ చదువుకోలేదు. చాయ దుకాణంలో లక్ష్మీదేవి ఎర్రచీర ఏడాదికేడాది పాలిపోవడం చూసి తెలుసుకున్నాను. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

1997 చివర్లో మా ప్రాంతం ఏమయిందో కొత్తగా చెప్పనక్కర లేదు. వానలు తలకిందులయ్యాయి, లద్దెపురుగు కమ్ముకుంది, ఎంత మందు కొట్టినా చావలేదు. వరంగల్ జిల్లా పత్తి రైతుల ఆత్మహత్యల వార్తలు దేశమంతా పాకాయి. ఆ సీజనులో మామ ప్రెస్సులో ఒకే రోజున ఒక దుకాణానికి బిల్లు పుస్తకమూ, అదే దుకాణంలో బాకీ ఉన్న రైతు పేరన కర్మ కార్డూ కంపోజు చేశాను. రెండింటికీ ఒకే గడిలోంచి అక్షరాలు తీశాను. అప్పుడు ఏమీ అనిపించలేదని చెబితే నమ్మరు గాని, నిజంగానే ఏమీ అనిపించలేదు. పని తొందరలో ఉన్నాను.

ఆ తరువాత వరంగల్‌లో డి.టి.పి. నేర్చుకున్నాను. పేజ్‌మేకరు, కోరల్‌డ్రా, అను ఖతులు. 1999లో హైదరాబాదు వెళ్ళి, రెండు మూడు చోట్ల తిరిగి, చివరికి ఒక డిజైను సంస్థలో కుదురుకున్నాను. అక్కడ ఇంగ్లీషు పుస్తకాలు ఉండేవి. బొమ్మలు చూసి, అక్షరం అక్షరం కూడబలుక్కొని చదివాను. 1907లో జర్మనీలో ఏ.ఇ.జి. అనే విద్యుత్ పరికరాల కంపెనీ పీటర్ బెహ్రెన్స్ అనే చిత్రకారుణ్ణి కళా సలహాదారుగా పెట్టుకుంది. అతను కంపెనీ చిహ్నం గీశాడు, అక్షరాలు గీశాడు, దీపాలూ కెటిళ్ళూ గీశాడు, ఆఖరికి కర్మాగారం భవనం కూడా కట్టాడు. ధరల పట్టిక నుంచి ప్రకటన పత్రం దాకా దేన్ని చూసినా ఇది ఫలానావాళ్ళదే అని తెలిసిపోవాలన్నది అతని పద్ధతి. మన దేశంలోనూ 1961లో అహ్మదాబాదులో పెట్టిన జాతీయ డిజైను సంస్థ వాళ్ళు బ్యాంకులకూ విమానాలకూ అలాంటి చిహ్నాలు చేశారు. స్టేట్ బ్యాంకు నీలి గుండ్రం 1971లో అక్కడి శేఖర్ కామత్ చేసిందే. సీసపు అక్షరాలు ఏరుకునే కుర్రవాడికి ఇదంతా ఎంత గొప్పగా కనబడి ఉంటుందో ఊహించుకోండి. పరకాలలో మేము ఒకే దుకాణం పేరును బిల్లు మీద ఒక తీరుగా, సంచి మీద ఒక తీరుగా, క్యాలెండరు మీద ఇంకో తీరుగా వేసేవాళ్ళం; గళ్ళలో ఏ అక్షరం దొరికితే అది. మేము చేసిన ఆ పనికి నాకు సిగ్గువేసింది.

2004లో మా సంస్థకు పురుగుమందులు తయారుచేసే ఒక కంపెనీ పని వచ్చింది. పేరు ఇక్కడ చెప్పను. చిహ్నం అప్పటికే ఇంకెవరో గీసి ఇచ్చారు, ఒక ఆకు, దాని వెనక లేత ఆకుపచ్చ నేపథ్యం. దాన్ని కంపెనీ అచ్చువేసే ప్రతి కాగితం మీదికీ తీసుకుపోవడం మా పని. విజిటింగు కార్డు, లెటర్‌హెడ్డు, డీలర్ల బోర్డు, గోడపత్రం, రైతులకు పంచే పాకెట్ డైరీ, క్యాలెండరు, అన్నిటికీ మించి దాదాపు ముప్ఫై రకాల మందుల లేబుళ్ళు, పెట్టెలు, లోపల పెట్టే మడత కాగితాలు. తెలుగు వచ్చినవాణ్ణి, పల్లె తెలిసినవాణ్ణి అని తెలుగు లేబుళ్ళ బాధ్యత నాకు ఇచ్చారు.

పాత లేబుళ్ళన్నీ బల్లమీద పరిచి చూస్తే జాతరలా ఉంది. ఒకదానిమీద పులి, ఒకదానిమీద డేగ, ఒకదానిమీద మెరుపు, ఇంకొకదానిమీద కత్తి పట్టిన చెయ్యి. ఒకటి ఎరుపు, ఒకటి వంగపండు రంగు, ఒకటి పసుపూ నలుపూ చారలు. ముప్ఫై డబ్బాలు ముప్ఫై కంపెనీలవిలా ఉన్నాయి. నేను పులిని తీసేశాను. డేగను తీసేశాను. అన్నిటికీ ఒకే ఆకుపచ్చ, పైన ఎడమ మూల ఆకు, మధ్యలో ఒకే ఖతిలో మందు పేరు, కింద తెల్లని పట్టీ. చిహ్నం చుట్టూ ఎంత ఖాళీ వదలాలో, ఎంతకంటే చిన్నది కాకూడదో కొలతలతో సహా ఒక నియమావళి రాశాం. దుకాణం అరలో ముప్ఫై డబ్బాలు పక్కపక్కన నిలబెట్టి తీసిన ఫొటోలో అది ఒక పచ్చని గోడలా కనబడింది. ఆ ఫొటో చాలా రోజులు నా మేజా మీద ఉండేది.

ఆ గోడకు ఒకే ఒక ఇబ్బంది ఉంది. 1968లో వచ్చిన క్రిమిసంహారకాల చట్టం కింద 1971లో చేసిన నియమాల ప్రకారం ప్రతి లేబులు మీదా మూల మీద నిలబెట్టిన ఒక చతురస్రం ఉండి తీరాలి. దాన్ని రెండు త్రికోణాలుగా విడగొట్టి పైదానిలో హెచ్చరిక మాట, కిందిదానిలో రంగు వేయాలి. నోటి ద్వారా లోపలికి పోతే ప్రయోగశాలలోని జంతువుల్లో సగం చచ్చే మోతాదును బట్టి రంగు నిర్ణయమవుతుంది. శరీర బరువులో కిలోకు 50 మిల్లీగ్రాముల లోపే ఆ పని జరిగితే ఎరుపు, పుర్రె బొమ్మ, విషం అన్న మాట. 51 నుంచి 500 దాకా పసుపు. అక్కడా విషం అన్న మాటే, కాని పుర్రె ఉండదు. 501 నుంచి 5000 దాకా నీలం, ప్రమాదం. అంతకు మించితే ఆకుపచ్చ, జాగ్రత్త. ఈ చతురస్రం లేబులు ముఖంలో పదహారో వంతుకు తగ్గకూడదు. తగ్గకూడదనే ఉంది గాని పెరగకూడదని ఎక్కడా లేదు. మేము సరిగ్గా పదహారో వంతు ఇచ్చాం. కొలబద్ద పెట్టి కొలిచి ఇచ్చాం. ఎర్ర త్రికోణం మా పచ్చని గోడలో ముల్లులా గుచ్చుకుంటోందని, దాన్ని కింద కుడిమూలకు, చేతిలో పట్టుకుంటే బొటనవేలు పడే చోటికి జరిపింది నేనే.

ఇంకొక సంగతి అప్పట్లో నాకు తట్టనేలేదు. ఆ నియమాలలో ఆకుపచ్చకు ఒక అర్థం ఉంది. అన్నిటికంటే తక్కువ విషం అని. నేను ఎర్ర త్రికోణం మందును కూడా నిలువెల్లా ఆకుపచ్చలో ముంచాను. చట్టం త్రికోణం రంగును మాత్రమే పట్టించుకుంటుంది, తక్కిన పదిహేను వంతులు కంపెనీ ఇష్టం.

2005 భాద్రపదంలో ఒక సాయంత్రం పరకాల నుంచి ఫోను. చిన్నాయన చేనులో మందు కొడుతూ పడిపోయాడని, వరంగల్ పెద్దాసుపత్రికి తెచ్చారని. రాత్రి బస్సుకు బయలుదేరి తెల్లవారేసరికి చేరుకున్నాను. వీపున పంపు, ముక్కుకు తువ్వాలు, కాళ్ళకు ఏమీ లేవు, ఎదురుగాలి. ఒక్క మందు పనిచేయదని రెండు మూడు కలిపి కొట్టడం అందరూ చేసే పనే. మధ్యాహ్నానికి కళ్ళు మసకలు కమ్మాయట, నోట్లోంచి చొంగ, ఒళ్ళంతా చెమట. ఆసుపత్రిలో డాక్టరు మొదట అడిగింది, ఏ మందు అని. చిన్నమ్మ చెప్పింది: "పచ్చ డబ్బా సారూ, ఆకు బొమ్మది."

డాక్టరుకు అది ఎందుకు కావాలో తరువాత ఆయనే చెప్పాడు. పురుగుమందులు అన్నీ ఒక జాతివి కావు. ఆర్గానోఫాస్ఫేట్ జాతి అయితే అట్రోపిన్ ఇవ్వాలి, అదీ గంట గంటకూ చూసుకుంటూ. వేరే జాతుల్లో చాలావాటికి అది విరుగుడు కాదు, దారి వేరు. అందుకని మా తమ్ముణ్ణి డబ్బా తెమ్మని పంపారు. వాడు మోటారు సైకిలు మీద చేనుకు వెళ్ళి చూస్తే వేపచెట్టు కింద మూడు పచ్చ డబ్బాలు, మూడింటి మీదా ఆకు. వాడు పదో తరగతి చదివినవాడే. పేర్లు ఇంగ్లీషులోనూ తెలుగులోనూ ఉన్నాయి, కాని నాయిన ఆవేళ దేన్ని ఎక్కువ పోశాడో వాడికేం తెలుసు? మీద ఉన్నదాన్ని పట్టుకొచ్చాడు. అది నీలం త్రికోణం మందు. డాక్టరు దాన్ని చూసి, చిన్నాయన కనురెప్పలు విప్పి చూసి, కంటిపాపలు సూదిమొనల్లా ఉన్నాయని, డబ్బా సంగతి పక్కనపెట్టి అట్రోపిన్ మొదలుపెట్టాడట. ఆ చూపు లేకపోతే ఏమయ్యేదో నేను ఆలోచించదలచుకోలేదు.

నేను వెళ్ళేసరికి ఆ డబ్బా మంచం పక్కన చిన్న బల్లమీద ఉంది. రెండు సెలైన్ సీసాల మధ్య, పచ్చగా, ఎంతో తీరుగా. తెలుగు అక్షరాలకు నేను ఏరి పెట్టిన ఖతి. డాక్టరు నావైపు తిరిగి, చదువుకున్నవాడిలా కనిపించానేమో, "ఈ మధ్య ఈ డబ్బాలన్నీ ఒక్కలాగే వస్తున్నాయండీ, ఎవరు చేస్తారో గాని," అన్నాడు. నేను ఏమీ అనలేదు. అవునండీ అని కూడా అనలేదు.

తొమ్మిది రోజులకు చిన్నాయనను ఇంటికి పంపారు. బస్సులో పక్కన కూచుని, ఊరు దగ్గర పడుతుండగా చెప్పేశాను.

"చిన్నాయనా, ఆ డబ్బా నేను చేసిందే."

"మందు నువ్వు చేసినవా?"

"మందు కాదు. డబ్బా మీది కాగితం."

ఆయన కాసేపు కిటికీలోంచి చూశాడు. "కాగితం మంచిగనే ఉన్నది. గని పాతది పులి మందు బిడ్డా, సూడంగనే భయమయ్యేది, చేతులు కడుక్కునేటోళ్ళం. గిప్పుడు అన్నీ ఒక్క తీరుగనే ఉన్నయి. కవల పిల్లలను తల్లి ఆనవాలు పడ్తది గని, నేనెట్ల పడ్త?" అన్నాడు. కోపంగా అనలేదు. ఆ తరువాత పత్తి ధర గురించి మాట్లాడాడు.

హైదరాబాదుకు తిరిగి వచ్చాక ఈ సంగతి సంస్థలో చెప్పాను, వాళ్ళు నన్ను కంపెనీ మార్కెటింగు అధికారి దగ్గరికి తీసుకుపోయారు. మూడు మాటలు అడిగాను. త్రికోణాన్ని పైకి తెచ్చి కనీసం రెట్టింపు చేయమని. మందు జాతిని బట్టి డబ్బాకు ఒక రంగు పట్టీ వేయనివ్వమని. లోపలి మడత కాగితంలో చీమ తలకాయంత అక్షరాలతో ఉన్న విషలక్షణాలను, విరుగుడు పేరును డబ్బా మీదికే తెమ్మని. ఆయన మర్యాదస్తుడు, అంతా విన్నాడు. నియమాలు తెరిచి పదహారో వంతు అన్న చోట వేలు పెట్టి చూపించాడు. "చట్టం అడిగినదానికంటే ఎక్కువ భయాన్ని మనం ఎందుకు అచ్చువేయాలి? పక్క కంపెనీ డబ్బా మీద చిన్న పుర్రె, మన డబ్బా మీద పెద్ద పుర్రె ఉంటే రైతు ఏది కొంటాడు?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ పూర్తి జవాబు లేదు. అందరూ కలిసి పెంచితే తప్ప ఒక్కరు పెంచలేని సంగతి అది. అందరిచేతా పెంచించగలిగింది ప్రభుత్వం ఒక్కటే. చివరికి రంగు పట్టీకి ఒప్పుకున్నారు, డబ్బాల మీద కాదు, డబ్బాలు సర్దే పెద్ద అట్టపెట్టెల మీద. గోదాములో లెక్కపెట్టడానికి సులువవుతుందని.

ఆ రోజే ఉద్యోగం మానేశానని రాస్తే కథ బాగుండేది. మానలేదు. ఇంకా రెండేళ్ళు అదే కంపెనీ డైరీలూ గోడపత్రాలూ చేశాను. పెళ్ళయింది, అద్దె కట్టాలి.

అయితే ఆ చలికాలం మామ దగ్గరికి వెళ్ళాను. అప్పటికి ట్రెడిల్ మూలకు చేరింది, పెద్ద పనులు వరంగల్‌లో ఆఫ్‌సెట్ మీద వేయించేవాడు. ఊళ్ళోని ఒక మందుల దుకాణం సేటు 2006 సంవత్సరానికి వెయ్యి క్యాలెండర్లు అడిగాడు. నాలుగు రంగుల త్రికోణాలు, వాటి అర్థం, విషలక్షణాలు, ఆసుపత్రికి పోతే డబ్బా వెంట తీసుకుపొమ్మన్న మాట, ఇవన్నీ అందులో వేద్దామని నేను, నా ఖర్చుతోనైనా సరేనని. సేటు అదిరిపడ్డాడు. "లక్ష్మీదేవి కాళ్ళకాడ పుర్రె బొమ్మనా? ఎవడన్న ఇంట్ల పెట్టుకుంటడా?" అన్నాడు. అన్నదాంట్లో న్యాయం ఉంది. నేను రంగు తగ్గిస్తానన్నాను, పుర్రె చిన్నది చేస్తానన్నాను. అలా అంటూ అంటూ నేనే మార్కెటింగు అధికారిలా మాట్లాడుతున్నానని గ్రహించి ఆగిపోయాను.

మామ అప్పటిదాకా ఏదో ప్రూఫు దిద్దుకుంటున్నాడు. తల ఎత్తకుండానే అన్నాడు: "నెలల పుస్తకం కింద వెయ్యిరా అల్లుడా. ఏడాది పొడుగునా కనపడది. డిసెంబరు కాగితం చింపినంక ఎల్తది. ఏడాది పోతది గని దేవున్ని ఎవడూ పారెయ్యడు."

సేటు ఒప్పుకున్నాడు. నేను ఆ చిన్న చోటును కొలిచి, నాలుగు త్రికోణాలను పట్టినంత పెద్దగా గీసి, పక్కన ఒక్కొక్క ముక్క రాశాను. మందు అన్న మాట రాయకుండా అన్నిచోట్లా విషం అని రాశాను. మామ ప్రూఫు చూసి ఒకే ఒక దిద్దుబాటు చేశాడు. ప్రతి త్రికోణం కిందా నల్ల ఇంకుతో దాని రంగు పేరు రాయమన్నాడు: ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ. కనబడుతున్న రంగుకు పేరెందుకని నేను నవ్వాను. హైదరాబాదులో చెబితే కూడా నవ్వేవాళ్ళు. "నీకు గిప్పుడు కనపడుతున్నది," అన్నాడు మామ. చాయ దుకాణం లక్ష్మీదేవి నాకు అప్పుడు గుర్తు రాలేదు.

లేబులు పని ఎంతవరకో తరువాతి ఏళ్ళు చూపించాయి. శ్రీలంకలో అత్యంత విషపూరితమైన తరగతి మందులను 1995లో, ఎండోసల్ఫాన్‌ను 1998లో ఆపేస్తే, పదేళ్ళలో ఆ దేశపు ఆత్మహత్యల రేటు దాదాపు సగానికి దిగిందని తరువాత చదివాను. మన దగ్గర ఎండోసల్ఫాన్‌ను 2011లో సుప్రీం కోర్టు ఆపింది. 2013 జూలైలో బీహారులోని ఒక పల్లెబడిలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ కలిసిందని తేలింది. ఎర్ర త్రికోణం మందు అది. 36 శాతం ద్రవరూపంలోని ఆ మందుకు కేంద్ర ప్రభుత్వం సెలవు చెప్పింది 2023లో, అదీ మిగిలిన సరుకు అమ్ముకోవడానికి గడువిచ్చి. నేను త్రికోణాన్ని రెట్టింపు చేయించి ఉన్నా ఇందులో ఏది మారేదని ఒక్కోసారి అనుకుంటాను. తమ్ముడు వేపచెట్టు కింద సరైన డబ్బా తీసేవాడు, అది మటుకు మారేది.

పోయిన సంక్రాంతికి ఊరికి వెళ్ళాను. మామ లేడు. ప్రెస్సున్న చోట మొబైలు దుకాణం వచ్చింది. చిన్నాయనకు డెబ్బై దాటాయి, ఎడమచెయ్యి కొద్దిగా వణుకుతుంది. అది ఆ మందు వల్లో, వయసు వల్లో డాక్టర్లు తేల్చలేదు. చేను తమ్ముడు చూసుకుంటున్నాడు. మందు పంపులు పెట్టే వెనకటి కొట్టంలో, తలుపు పక్కన, 2006 లక్ష్మీదేవి ఇంకా ఉంది. నీలం చీర కట్టుకుని, నీలం తామర మీద. పాదాల కింద నెలల పుస్తకం ఎప్పుడో రాలిపోయింది, రెండు తుప్పుపట్టిన పిన్నులు మిగిలాయి. వాటి కింద నాలుగు త్రికోణాలు. నీలం బాగానే ఉంది. ఆకుపచ్చ కూడా నీలంలోకి దిగింది. పసుపు లేదు. మొదటిది తెల్లని కాగితమే, చుట్టూ గీతా, పైన పుర్రే మాత్రం ఉన్నాయి. కింద నల్లని అక్షరాలు ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి.

తమ్ముడి చిన్నకూతురు, మూడో తరగతి, కొత్తగా చదవడం వచ్చిన ఉత్సాహంతో కనబడినదల్లా చదువుతోంది. మునివేళ్ళ మీద నిలబడి వేలు పెట్టి చదివింది. "ఎ-రు-పు. తాతా, ఎరుపు అని రాసిండ్రు, ఎర్రగ లేదేంది?"

"ఉండె బిడ్డా," అన్నాడు చిన్నాయన. "గది ముట్టుకోకు." పిల్లను భుజం పట్టి బయటికి తెచ్చి, తలుపు వేసి, గొళ్ళెం పెట్టాడు.